తువారెగ్ గిటారు సంగీతం: ‘ఎడారి బ్లూస్’ అనే పేరుపై ఒక పరిశీలన

ఈ భాగంలో మీరు ఒక సంగీతాన్ని గురించి చదవబోతున్నారు. దానితోపాటు ఆ సంగీతానికి బయటివారు పెట్టిన ఒక పేరును పరీక్షించబోతున్నారు. సహారా ఎడారిలో నివసించే తువారెగ్ ప్రజల గిటారు పాటలను ప్రపంచ మార్కెట్టు ‘ఎడారి బ్లూస్’ అని పిలుస్తుంది. పేరు వినడానికి బాగుంటుంది. ఆల్బమ్ అట్ట మీద ఇసుకతిన్నె, నీలిరంగు తలపాగా, చేతిలో ఎలక్ట్రిక్ గిటారు కనిపిస్తే ఇంకా బాగుంటుంది. అయితే ఆ పేరుతో విన్నప్పుడు మన చెవి దేన్ని పట్టుకుంటుంది, దేన్ని వదిలేస్తుంది అన్నది విమర్శకుడు అడగవలసిన ప్రశ్న. నా అభిప్రాయంలో ఆ పేరు గిటారును వినిపించి, గిటారు కింద ఉన్న డప్పును దాచేస్తుంది. ఆ డప్పు ఆడవాళ్ళది.

వీలైతే ఈ వ్యాసం చదవడానికి ముందే తినారివెన్ బృందం ‘అమన్ ఇమన్’ (2007) ఆల్బమ్ నుంచి రెండు మూడు పాటలు, లే ఫీ దె ఇలిగదాద్ బృందం ‘ఎగస్ మలన్’ (2017) నుంచి ఒకటి రెండు పాటలు వినండి. మొబైల్ ఫోనులో సులభంగా దొరుకుతాయి. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినడం మంచిది. ఫోను స్పీకరులో గిటారు, గొంతు మాత్రమే పైకి తేలుతాయి. చప్పట్లు, అడుగున ఉన్న డప్పు సరిగా తెలియవు. ఈ వ్యాసం మాట్లాడేది ఎక్కువగా ఆ అడుగున ఉన్నవాటిని గురించే.

తువారెగ్‌లు, ఐదు దేశాల సరిహద్దులు

తువారెగ్‌లు సంచార పశుపాలకులు. ఒంటెలు, మేకలు, గొర్రెలు వారి ఆస్తి. తమను తాము ‘కెల్ తమాషెక్’, అంటే ‘తమాషెక్ భాష మాట్లాడేవాళ్ళం’ అని చెప్పుకుంటారు. ఆ భాషకు తిఫినాగ్ అనే ప్రాచీన లిపి ఉంది. వారి సమాజంలో ముఖానికి ముసుగు కట్టుకునేది మగవారు, ఆడవారు కట్టుకోరు. ఫ్రెంచి వలసపాలన ముగిసి 1960 ప్రాంతంలో ఆఫ్రికా దేశాలు స్వతంత్రమైనప్పుడు తువారెగ్‌లు తిరిగే నేల మాలి, నైజర్, అల్జీరియా, లిబియా, నేటి బుర్కినా ఫాసో అనే ఐదు దేశాల మధ్య పంపకమైపోయింది. నిన్నటి దాకా మేత కోసం నడిచిన దారికి అడ్డంగా ఇప్పుడు సరిహద్దు వచ్చింది.

మాలిలో 1963లో మొదటి తిరుగుబాటు జరిగింది. ప్రభుత్వ సైన్యం దాన్ని కఠినంగా అణచివేసింది. ఉత్తర మాలిలోని తెస్సాలిత్ ప్రాంతానికి చెందిన ఇబ్రహీం అగ్ అల్హబీబ్ అప్పటికి నాలుగేళ్ళ పిల్లవాడు. తిరుగుబాటుదారులకు సహాయం చేశాడన్న కారణంతో ఆయన తండ్రిని సైన్యం చంపింది. మిగిలిన కుటుంబం అల్జీరియాకు వెళ్ళిపోయింది. తరువాతి కాలంలో తినారివెన్ బృందాన్ని స్థాపించింది ఆ పిల్లవాడే. ‘అమన్ ఇమన్’లో ఫ్రెంచి భాషలో ‘అరవై మూడు’ అని అర్థం వచ్చే పేరుతో ఒక పాట ఉంది. ఆ అంకె ఎందుకు పాటకు పేరయిందో మీకిప్పుడు తెలుస్తుంది.

తిరుగుబాటు తరువాత కరువులు వచ్చాయి. 1968 నుంచి 1974 దాకా ఒకటి, 1984-85లో మరొకటి. మందలు చచ్చిపోయాయి. పశువులు లేని పశుపాలకుడికి ఎడారిలో పని లేదు. యువకులు గుంపులుగా అల్జీరియాలోని తమన్‌రస్సెట్‌కు, లిబియా పట్టణాలకు కూలిపని వెతుక్కుంటూ వెళ్ళారు. నిరుద్యోగిని ఫ్రెంచిలో ‘షోమర్’ అంటారు. ఆ మాట తమాషెక్ నోట్లో నలిగి ‘ఇషూమార్’ అయింది. మొదట అది ఈసడింపు మాట. పని లేనివాడు, ఇల్లు విడిచినవాడు, పెద్దల మాట దాటినవాడు అని. క్రమంగా ఆ యువకులే దాన్ని తమ పేరుగా తీసుకున్నారు. వారు పాడిన గిటారు పాటలకు కూడా అదే పేరు స్థిరపడింది. స్థానికులు ‘ఇషూమార్’ అనీ, ‘అల్ గితారా’ అనీ, ‘అస్సూఫ్’ అనీ అంటారు. బ్లూస్ అన్న మాట వీటిలో ఎక్కడా లేదు.

‘అస్సూఫ్’ అన్న మాట దగ్గర కొంచెం ఆగుదాం. దానికి ఒంటరితనం, బెంగ అని అర్థం. విడిది బయట, మంట వెలుగు అందని చోట ఉండే నిర్జన ప్రదేశం అని కూడా అర్థమే. అంటే మనసులోని ఖాళీకీ, గుడారం బయటి ఖాళీకీ ఆ భాషలో ఒకే మాట. బెంగను, దిగులును సూచించే ‘బ్లూస్’ అనే ఇంగ్లీషు మాటకు ఇది దగ్గరగా ఉందని చాలామంది రాశారు. దగ్గరే, కాదనలేం. కాని దుఃఖం అన్ని జాతుల పాటల్లోనూ ఉంటుంది. భావం కలిసినంత మాత్రాన రూపం కలిసినట్టు కాదు.

రేకు డబ్బా నుంచి క్యాసెట్టు దాకా

ఇబ్రహీం చిన్నప్పుడు ఒక కౌబాయ్ సినిమాలో గిటారు వాయించే మనిషిని చూసి, రేకు డబ్బాకు కర్ర గుచ్చి, సైకిల్ బ్రేకు తీగ కట్టి తన మొదటి గిటారు తయారుచేసుకున్నాడని చెబుతారు. (నైజర్‌కు చెందిన మ్దూ మొక్తార్ కూడా తన మొదటి గిటారుకు సైకిల్ బ్రేకు తీగలే కట్టుకున్నాడు. ఎడారి సంగీత చరిత్రలో సైకిల్‌కు దక్కవలసిన గౌరవం ఇంకా దక్కలేదు.) 1979లో తమన్‌రస్సెట్‌లో ఆయనకు మొదటిసారిగా నిజమైన గిటారు దొరికింది.

ఆ రోజుల్లో తమన్‌రస్సెట్ యువకులు ఏం వినేవారు? మొరాకోకు చెందిన నాస్ ఎల్ గివాన్, జిల్ జిలాలా బృందాల నిరసన పాటలు, అల్జీరియా ‘రై’ పాటలు, ఎల్విస్ ప్రెస్లీ, జిమీ హెండ్రిక్స్, శాంటానా, డైర్ స్ట్రెయిట్స్, బాబ్ మార్లీ, చివరికి బోనీ ఎమ్ కూడా. ఈ జాబితాలో అమెరికా బ్లూస్ గాయకులు కనిపించరు. బయటి దేశాల పర్యటనలు మొదలైన తరువాతనే ఆ సంగీతం తమకు పరిచయమైందని తినారివెన్ సభ్యులు చెప్పారు. రాక్ సంగీతం ద్వారా బ్లూస్ వాసన పరోక్షంగా తగిలిందని వాదించవచ్చు. హెండ్రిక్స్ విన్నవాడు బ్లూస్ అసలు వినలేదని ఎలా అంటాం? ఆ వాదనలో నిజముంది. అయినా అది వారు ఏరుకున్న అనేక దినుసుల్లో ఒకటి మాత్రమే, పునాది కాదు.

1980లో లిబియా నాయకుడు గద్దాఫీ తువారెగ్ యువకులను సైనిక శిక్షణకు రమ్మని పిలిచాడు. సొంత దేశం వస్తుందన్న ఆశతో వందలాదిగా వెళ్ళారు. ఇబ్రహీం, ఆయన స్నేహితులు కూడా ఆ శిబిరాల్లో చేరారు. ఇంతెయెదెన్, హసన్, కెదూ, ‘జపోనే’ అన్న ముద్దుపేరుతో ప్రసిద్ధుడైన కవి మహమ్మద్ అగ్ ఇత్లాల్ వంటివారు బృందంగా ఏర్పడింది ఈ సంవత్సరాల్లోనే. ఎవరైనా ఖాళీ క్యాసెట్టు తెచ్చిస్తే పాటలు ఉచితంగా రికార్డు చేసి ఇచ్చేవారు. ఆ క్యాసెట్టు నుంచి మరో క్యాసెట్టు, దాని నుంచి ఇంకొకటి. పత్రిక లేదు, రేడియో లేదు, ఫోను లేదు. విడిపోయిన జనానికి వార్త, పిలుపు, ఓదార్పు అన్నీ ఆ క్యాసెట్టే. 1990లో మాలిలో, నైజర్‌లో మళ్ళీ తిరుగుబాట్లు వచ్చేనాటికి ఈ పాటలు అక్కడి జనం నోళ్ళలో ఉన్నాయి. వీటిని దగ్గర ఉంచుకోవడమే ప్రమాదమైన రోజులవి.

1996 మార్చిలో తింబక్తులో దాదాపు మూడువేల ఆయుధాలను బహిరంగంగా కాల్చి శాంతిని ప్రకటించారు. తినారివెన్ మొదటి అంతర్జాతీయ ఆల్బమ్ ‘రేడియో తిస్దాస్ సెషన్స్’ 2001లో వచ్చింది. కిదాల్ పట్టణంలోని ఒక చిన్న తమాషెక్ రేడియో కేంద్రంలో, రోజులో కరెంటు ఉండే కొద్ది గంటల్లోనే దాన్ని రికార్డు చేశారు. అప్పటికి బృందం వయసు సుమారు ఇరవై ఏళ్ళు. ప్రపంచం వీరిని ‘కొత్తగా కనుగొన్నప్పుడు’ వీరి పాటలతో ఒక తరం పెరిగి పెద్దదైపోయింది.

బ్లూస్ అంటే సరిపోతుందా

ఇప్పుడు రూపాన్ని చూద్దాం. అమెరికా బ్లూస్‌లో బాగా స్థిరపడిన నిర్మాణం పన్నెండు కొలతల చక్రం. అందులో మూడు స్వరసముదాయాలు వరుసగా మారుతుంటాయి. మొదటి చరణాన్ని రెండుసార్లు పాడి, మూడో చరణంతో జవాబు చెబుతారు. స్వరసముదాయం మారినప్పుడల్లా వినేవారికి ఇల్లు వదిలి వెళ్ళి తిరిగి వచ్చిన అనుభూతి కలుగుతుంది.

తినారివెన్ పాటలో ఈ ప్రయాణం సాధారణంగా ఉండదు. గిటారు మంద్రపు తీగ ఒకటి బొటనవేలి కింద నిరంతరంగా మోగుతూ ఉంటుంది. మన కచేరీల్లో తంబురా శ్రుతి ఎలా నిలుస్తుందో అలా. దాని మీద ఐదు స్వరాల పరిధిలో చిన్న చిన్న పదబంధాలు వచ్చి పోతుంటాయి. ఎడమచేతి వేళ్ళు తీగను కొట్టి, లాగి విడవడంతోనే గమకం లాంటి మలుపులు వస్తాయి. పాట ఎక్కడికీ వెళ్ళదు. ఉన్నచోటనే లోతుకు దిగుతుంది. ఒకరు పాడతారు, బృందం అందుకుంటుంది. రెండో గిటారు మొదటి గిటారుకు తోడుగా స్వరసముదాయాలు కొట్టదు, అల్లుకుంటుంది. ఎలక్ట్రిక్ గిటారు శబ్దం మనకు రాక్‌ను, బ్లూస్‌ను గుర్తుచేస్తుంది కాబట్టి అదే నిర్మాణం ఉందని అనుకుంటాం. వాద్యం ఒకటే, వాక్యనిర్మాణం వేరు.

మరి ఈ వాక్యనిర్మాణం ఎక్కడిది? ఒక మూలం తెహర్దెంత్ అనే మూడు తీగల వాద్యం. తింబక్తు, గావో ప్రాంతాల్లో వృత్తి గాయకులైన మగవారు దాన్ని వాయిస్తారు. తువారెగ్ సమాజం తరతరాలుగా అంతస్తులుగా విడిపోయి ఉంది. పైన యోధ కులీనులు, తరువాత వారికి కప్పం కట్టే తెగలు, చేతిపనివారు, అందరికంటే కింద బానిసలు, వారి సంతతి. తెహర్దెంత్ చేతిపనివారి వర్గపు వాద్యం. కులీనుడు వాయిస్తే చిన్నతనం. గిటారుకు ఆ పట్టింపు లేదు. అది ఏ వర్గానిదీ కాదు, బయటినుంచి వచ్చింది. కాబట్టి ఎవరైనా చేతపట్టవచ్చు. ఇషూమార్లు గిటారును ఎంచుకోవడంలో ఉన్న తిరుగుబాటు కేవలం ప్రభుత్వం మీద కాదని ఇక్కడ గమనించాలి. ప్రవాసంలో అందరూ కూలీలే అయిన చోట కులీనుడి కొడుకు, చేతిపనివాడి కొడుకు ఒకే గిటారు మార్చి మార్చి వాయించుకోవచ్చు. ఈ సంగీతాన్ని ‘స్వాతంత్ర్య పోరాట గీతాలు’గా మాత్రమే చదివేవారు ఈ లోపలి మార్పును తరచు చూడరు.

బ్లూస్ వాదన వైపు నిలిచే బలమైన సాక్షి ఒకరున్నారు. మాలిలోని నియాఫుంకె ఊరికి చెందిన అలీ ఫర్కా తూరే. ఆయన తువారెగ్ కాదు. ప్రధానంగా సోంఘై సంప్రదాయానికి చెందినవాడు, అయితే తమాషెక్‌తో సహా అనేక భాషల్లో పాడాడు. 1960ల చివర్లో అమెరికా గాయకుడు జాన్ లీ హుకర్ రికార్డు విన్నప్పుడు అది తమ ప్రాంతపు సంగీతమేనని ఆయనకు తోచింది. వేరు ఆఫ్రికాలో ఉంది, అమెరికాలో ఉన్నది కొమ్మలు అన్నది ఆయన వాదన. 1994లో రై కూడర్‌తో కలిసి చేసిన ‘టాకింగ్ తింబక్తు’కు గ్రామీ బహుమతి వచ్చాక ఈ మాట లోకమంతా పాకింది. పశ్చిమ ఆఫ్రికా సవానా మండలం నుంచి బానిసలుగా తరలించబడినవారి సంగీతం బ్లూస్ పుట్టుకలో పాలుపంచుకుందని గెరార్డ్ కుబిక్ వంటి పరిశోధకులు కూడా చూపించారు.

అయితే తూరే మాటను జాగ్రత్తగా వినండి. ఆయన తన సంగీతాన్ని బ్లూస్ అనలేదు. బ్లూస్‌ను తన సంగీతం అన్నాడు. మార్కెట్టు ఈ వాక్యాన్ని తలకిందులు చేసి వాడుకుంది. ‘అమెరికాలో ఉన్నది ఆఫ్రికాది’ అన్న మాట ‘ఆఫ్రికాలో ఉన్నది అమెరికాది లాంటిది’గా మారిపోయింది. తాత పోలిక మనవడిలో ఉందని చెప్పడం మానేసి తాతకు మనవడి పేరు పెట్టినట్టయింది.

రోలు దగ్గర

ఇక ముఖ్య విషయానికి వద్దాం. సజ్జలు దంచే కొయ్యరోలు ప్రతి తువారెగ్ విడిదిలో ఉంటుంది. పండుగో పెళ్ళో వచ్చినప్పుడు ఆడవారు ఆ రోలు నోటికి తడిపిన మేకతోలు బిగిస్తారు. రోలుకు ఇరువైపులా రెండు పొడుగాటి రోకళ్ళను అడ్డంగా అమర్చి తాళ్ళతో తోలుకు కట్టేస్తారు. ఆ రోకళ్ళ చివరల మీద ఇద్దరు ఆడవారు కూర్చుంటారు. వారి బరువుతో తోలు బిగుసుకుంటుంది. కొంచెం ముందుకో వెనక్కో ఒరిగితే శ్రుతి మారుతుంది. తోలు ఆరకుండా మధ్యమధ్యలో నీళ్ళు చిలకరిస్తారు. మరొకరు చేతులతో వాయిస్తారు. ఒకామె పాడుతుంది, చుట్టూ కూర్చున్నవారు చప్పట్లు కొడుతూ అందుకుంటారు. మగవారు ఒంటెలెక్కి ఆ గుంపు చుట్టూ తిరుగుతారు. దీని పేరు తిండే. రోలుకూ, ఆ డప్పుకూ, ఆ పాటకూ, ఆ సభకూ అన్నిటికీ అదే పేరు. సభ ముగిశాక తోలు విప్పేస్తారు. మర్నాడు అదే రోట్లో సజ్జలు దంచుతారు.

రోలూ రోకలీ పాటతో ముడిపడటం మనకు వింత కాదు. మన దంపుడు పాటలు మీకు తెలిసినవే. కాని దంపుడు పాటలో పని నడుస్తుండగా పాట వస్తుంది. తిండేలో పని ఆగి, పనిముట్టే వాద్యమవుతుంది. ఈ తేడా చిన్నది కాదు. వాద్యం కొనడానికి డబ్బు అక్కర్లేదు, వృత్తి గాయకులు అక్కర్లేదు, మగవారి అనుమతి అక్కర్లేదు. ఆ సభలో పాట కట్టేది, ఎవరిని పొగడాలో ఎవరిని ఎగతాళి చేయాలో నిర్ణయించేది ఆడవారు. తువారెగ్‌ల మరో ముఖ్య వాద్యం ఇమ్జాద్, ఒకే తీగ ఉన్న కమాను వాద్యం. దాన్ని కూడా ఆడవారే వాయిస్తారు. 2013లో యునెస్కో దాన్ని మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. మొత్తంమీద ఇషూమార్లకు ముందు తువారెగ్ సంగీతంలో వాద్యం చాలావరకు ఆడవారి చేతుల్లోనే ఉండేది.

ఇప్పుడు తినారివెన్ పాటను మళ్ళీ వినండి. మూడు మూడుగా ఊగే ఆ నడకను విమర్శకులు ‘ఒంటె నడక’ అని రాస్తుంటారు. పర్యాటక ప్రకటనలాంటి మాట అనిపిస్తుంది గాని, పూర్తిగా అబద్ధం కాదు. ఒంటెలు నిజంగానే ఒక లయకు నడుస్తాయి. ఆ లయ తిండేది. అంటే గిటారు అనుకరిస్తున్నది ఒంటెను కాదు, ఒంటెను నడిపించిన ఆడవారి డప్పును. చప్పట్లు అక్కడివే. ఒకరు పాడితే గుంపు అందుకోవడం అక్కడిదే. మధ్యలో గాలిని చీల్చినట్టు వచ్చే సన్నని నాలుక కేక అక్కడిదే. గిటారు వచ్చి కూర్చున్న చోటు ఖాళీగా ఉన్న చోటు కాదు. ప్రవాసంలో, కూలీల గదుల్లో, సైనిక శిబిరాల్లో రోలు లేదు, దాన్ని వాయించే తల్లులు, అక్కచెల్లెళ్ళు లేరు. ఆ లేని శబ్దాన్ని మగపిల్లలు తీగల మీద తిరిగి కట్టుకున్నారు. ‘అస్సూఫ్’కు అంతకంటే సూటి అర్థం నాకు తోచదు.

‘బ్లూస్’ అన్న పేరు మనల్ని వెంటనే అట్లాంటిక్ మహాసముద్రం అవతలికి తీసుకుపోతుంది. పక్క గుడారంలో ఉన్న డప్పు దగ్గరికి తీసుకుపోదు. నా అభ్యంతరం అదే.

మార్కెట్టు ఏం కోరింది

ఆల్బమ్‌ల వరుసను ఈ కోణం నుంచి విన్నప్పుడు ఒక సంగతి బయటపడుతుంది. ‘రేడియో తిస్దాస్ సెషన్స్’లో, ‘అమస్సకూల్’ (2004)లో ఆడవారి గొంతులు పాటను మోస్తాయి. మిన్నా, వునూ వంటి గాయనులు మొదటి పర్యటనల్లో వేదిక మీద ఉన్నారు. తరువాతి పర్యటనల్లో ఆడవారు దాదాపు కనిపించరు; బృందం మగవారిదే అయిపోయింది. దీనికి దూరప్రయాణాల కష్టం, పిల్లల బాధ్యత వంటి లౌకిక కారణాలు ఉండవచ్చు. కాని ముసుగు కట్టిన ఆరుగురు మగవారు, గిటార్లు, వెనుక తుపాకుల కథ – ఈ చిత్రానికి ఉన్న గిరాకీని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఒక చేత గిటారు, ఒక చేత కలాష్నికోవ్ అన్న వాక్యం లేకుండా వీరి గురించి పాశ్చాత్య పత్రికల్లో వ్యాసం రావడం అరుదు. వారిలో పోరాడినవారు ఉన్న మాట నిజమే. అయితే ఆ ఒక్క మాటే చెప్పడం వల్ల పాట తుపాకికి తోక అయిపోతుంది.

ఆల్బమ్‌ల నాణ్యత విషయంలో నా తీర్పు ఇది. ‘అమన్ ఇమన్’ వారి రచనల్లో శిఖరం. బమాకోలో రికార్డు చేసినా శబ్దం ఎక్కడా నునుపు తేలలేదు; గిటార్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి, గుంపు గొంతు వెడల్పుగా ఉంటుంది. ‘తస్సిలి’ (2011) కోసం దక్షిణ అల్జీరియా ఎడారిలో గుడారాల మధ్య, విద్యుత్ లేని గిటార్లతో పాడారు. అతిథులుగా వచ్చిన అమెరికా సంగీతకారులు లేని చోట్లనే ఆ ఆల్బమ్ ఎక్కువ అందంగా ఉంది. మాలిలో పరిస్థితి బాగోలేక ‘ఎమ్మార్’ (2014)ను కాలిఫోర్నియాలోని జాషువా ట్రీ ఎడారిలో రికార్డు చేశారు. ఎడారి ఉంది, విడిది లేదు. పాటలు బాగానే కట్టారు, కాని అందుకునే గుంపు పలచబడిన సంగతి చెవికి తెలుస్తూనే ఉంటుంది. నైజర్ గాయకుడు బొంబినో ‘నోమాడ్’ (2013)ను అమెరికాలోని నాష్‌విల్‌లో చేసినప్పుడు కూడా ఇలాంటిదే జరిగింది. అద్భుతమైన వేళ్ళు, వాటి కింద రాక్ డ్రమ్ములు నాలుగు నాలుగుగా బలంగా పడి ఊగే లయను చదును చేస్తాయి.

మ్దూ మొక్తార్ సంగతి వేరు. ఆయన మొదటి ఆల్బమ్ ‘అనార్’ 2008లో నైజీరియాలోని సొకోతోలో, గొంతును యంత్రంతో మార్చే ఆటోట్యూన్‌తో రికార్డయింది. సెల్‌ఫోన్లలో, మెమరీ కార్డుల్లో సహారా అంతటా పాకింది. అలాంటి ఫోను పాటల్ని సేకరించి అమెరికావాడైన క్రిస్టఫర్ కర్క్‌లీ విడుదల చేసిన సంకలనం ద్వారానే బయటి ప్రపంచానికి ఆయన తెలిశాడు. ‘స్వచ్ఛమైన ఎడారి శబ్దం’ కోరుకునే శ్రోతకు ఆటోట్యూన్ ఇబ్బంది కలిగిస్తుంది. కలగనివ్వండి. ఏది తమ సంగీతమో తేల్చుకునే హక్కు అగాదెజ్ పెళ్ళిళ్ళలో నాట్యమాడేవారిది. మొక్తార్ గిటారు వేగం వెనుక ఉన్నది కూడా ఆ పెళ్ళిళ్ళే. రాత్రంతా సాగే పెళ్ళి సభలో జనాన్ని నిలబెట్టడానికి పుట్టిన వేగం అది. ‘అఫ్రిక్ విక్తీమ్’ (2021)లో ఫ్రెంచి వలసపాలన మీద ఆయన ఎక్కుపెట్టిన కోపం స్పష్టంగా ఉంటుంది. ఆయన పెరిగిన ప్రాంతంలోని అర్లిత్‌లో దశాబ్దాల పాటు ఫ్రెంచి కంపెనీ యురేనియం తవ్వుకుందన్న సంగతి తెలిస్తే ఆ కోపానికి చిరునామా దొరుకుతుంది.

పాట ఆగిపోయిన కాలం

పేర్ల చర్చ పండితుల కాలక్షేపం అనుకునే ప్రమాదం ఉంది కాబట్టి 2012ను గుర్తుచేసుకుందాం. ఆ జనవరి మధ్యలో ఉత్తర మాలిలో తువారెగ్ తిరుగుబాటు మళ్ళీ మొదలైంది. నెల తిరగకుండానే, ఫిబ్రవరిలో, లాస్ ఏంజెలస్‌లో ‘తస్సిలి’కి గ్రామీ బహుమతి ప్రకటించారు. ఏప్రిల్ 6న తిరుగుబాటుదారులు ‘అజవాద్’ అనే స్వతంత్ర దేశాన్ని ప్రకటించుకున్నారు. దాన్ని ఏ దేశమూ గుర్తించలేదు. ఆ ఉత్తర భూమిలో సోంఘై, ఫులానీ, అరబ్బు ప్రజలు కూడా ఉన్నారనీ, అందరికీ ఆ దేశం అక్కర్లేదనీ మీరు గుర్తుంచుకోవాలి. పాటలను ప్రేమించడానికి ఆ రాజకీయాన్ని మొత్తంగా ఒప్పుకోనక్కర్లేదు. కొద్ది నెలల్లోనే సాయుధ మతవాద సంస్థలు అక్కడ పట్టు సాధించి సంగీతాన్ని నిషేధించాయి. వాటిలో ఒకటైన అన్సార్ దీన్ నాయకుడు ఇయాద్ అగ్ గాలీ. 1980లలో తినారివెన్ సభ్యులతో శిబిరాల్లో కలిసి మెలిసి తిరిగినవాడు, 1990 తిరుగుబాటుకు నాయకుడు. తినారివెన్ సభ్యుడు అబ్దల్లా అగ్ లమీదా 2013 మొదట్లో ఆ సంస్థ చేతికి చిక్కి, తరువాత విడుదలయ్యాడు.

2001లో మొదలై, రాబర్ట్ ప్లాంట్ వంటివారిని కూడా రప్పించిన ‘ఎడారి ఉత్సవం’ 2012 జనవరిలో తింబక్తులో జరిగాక మళ్ళీ ఆ నేల మీద జరగలేదు. తిండేకు వేదిక, స్పీకరు, టిక్కెట్టు అక్కర్లేదన్న మాట ఇలాంటి కాలంలో మరో అర్థాన్ని తెచ్చుకుంటుంది. స్టూడియో మూతపడవచ్చు, ఉత్సవం ఆగిపోవచ్చు. రోలు ప్రతి గుడారంలోనూ ఉంది.

ఇలిగదాద్ ఆడపడుచులు

నైజర్‌లో ఇలిగదాద్ ఒక చిన్న పల్లె. అక్కడి ఫాతూ సైదీ గాలీ తన అన్న లిబియా నుంచి తెచ్చిన గిటారును తీసి ఎవరూ నేర్పకుండానే వాయించడం నేర్చుకుంది. తువారెగ్ ఆడవారిలో గిటారు వాయించేవారు చాలా అరుదు. అలమ్నూ అక్రూని వంటి పల్లె గాయనులతో కలిసి ఆమె కట్టిన బృందానికి ఫ్రెంచిలో పెట్టిన పేరు లే ఫీ దె ఇలిగదాద్, అంటే ఇలిగదాద్ అమ్మాయిలు. వారి మొదటి ఆల్బమ్ 2016లో వచ్చింది. పల్లెలో ఆరుబయట రికార్డు చేసిన ఆ ఆల్బమ్‌లో గిటారు పాటలు వేరుగా, చివర్లో సుదీర్ఘమైన తిండే వేరుగా ఉంటాయి. రెండో ఆల్బమ్ ‘ఎగస్ మలన్’లో ఆ రెండూ ఒకే పాటలోకి వచ్చాయి.

విమర్శకుడు పుటలకొద్దీ రాసి నిరూపించవలసిన విషయాన్ని ఈ ఆల్బమ్ వాయించి చూపించింది. గిటారు ఇక్కడ వీరుడు కాదు. నీళ్ళ గంగాళంలో బోర్లించిన సొరకాయ బుర్ర మోగుతుంది, తోలు మోగుతుంది, అరచేతులు మోగుతాయి. వాటి మధ్య గిటారు ఒక గొంతుగా మాత్రమే ఉంటుంది. ఫాతూ వేళ్ళలో బొంబినో వేగం లేదు, మొక్తార్ మెరుపు లేదు. ఆమెకు అవి అక్కర్లేదు. తినారివెన్ గిటారులో ఏ డప్పు నీడగా ఉందో ఆ డప్పే ఇక్కడ ఎదురుగా ఉంది కాబట్టి గిటారు దాన్ని అనుకరించే భారం లేకుండా తేలికపడింది. కొందరు దీన్ని సంప్రదాయానికి తిరిగి వెళ్ళడం అన్నారు. అది సరికాదు. తిండేతో కలిపి గిటారును ఆడవారు వాయించడం సంప్రదాయంలో లేదు. మగవారు ప్రవాసంలో తీసుకున్న కొత్త వాద్యాన్ని ఆడవారు ఊళ్ళోకి తెచ్చి తమ డప్పు పక్కన కూర్చోబెట్టారు. ఇషూమార్ల పని ఎంత కొత్తదో ఇదీ అంత కొత్తదే.

మనకు తమాషెక్ రాదు. పాటల మాటల్ని అనువాదాల ద్వారానే తెలుసుకుంటాం. కాబట్టి కవిత్వం మీద గట్టి తీర్పులు చెప్పే అధికారం మనకు తక్కువ. శబ్దం మీద చెప్పవచ్చు. బ్రూక్లిన్‌లో 2019లో జరిగిన వారి కచేరీ 2021లో ‘ఎట్ పయనీర్ వర్క్స్’ పేరుతో ఆల్బమ్‌గా వచ్చింది. అందులో ఏదైనా ఒక పాటను రెండుసార్లు వినండి. మొదటిసారి గిటారును వెంబడించండి. రెండోసారి గిటారును వదిలేసి చప్పట్లను మాత్రమే లెక్కపెట్టండి. రెండోసారి విన్న పాట ఎక్కడ మొదలైనట్టు అనిపించిందో మీ నోటు పుస్తకంలో రాసుకోండి.